తెగిన కట్టకు పోసిన మన్ను

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఆ గుట్ట మీది కట్ట సంగతి నీకు కాక ఎవరికి చెప్పేది?

వాటర్‌షెడ్ పనులు ఎట్లా జరిగినాయో చూసేదానికి ఎవరొచ్చినా, మనోళ్లు గోరంట్ల రోడ్డు పక్కనున్న చెక్‌డ్యామ్ చూపించి, మజ్జిగ తాగించి పంపేవాళ్లు కదా. "పైకి రాండి సామీ, తెగిన కట్ట సూపిస్తా" అని నువ్వొక్కడివే అడిగేవాడివి. ఎవరూ ఎక్కలేదు. వానొస్తే మన శెనక్కాయ చేనిలో మన్నంతా ఊడ్చుకోని పోతానే ఉండాది.

మొన్న ఎండాకాలంలో పనులు చూసేదానికి వచ్చిన ఒక మేడమ్ ఎక్కింది. నేనే తోడుకోని పోయినా. గండి కాడ నిలబడి అన్నీ అడిగింది, ఉన్నదున్నట్టు రాసింది. నీ మాట ఇన్నాళ్లకు పైవాళ్లకు చేరిందనుకుంటి.

అది చదివి, ఈ ఊర్లో పని నిలబడదని వాళ్లు కొత్త పనులు పక్కూరికి ఇచ్చేసినారు. కట్టకు ఒక తట్ట మన్ను కూడా రాలేదు. "నీకూ మీ నాయన నోరే వచ్చిందమ్మా, ఊరిని ముంచితివి" అన్నాడు సర్పంచు.

ఇప్పుడు ఆమె రాసింది నిజమా కాదా అని చూసేదానికి ఇంకొకాయన వస్తాండాడు. అందుకని ఈ పొద్దు ఊరంతా గుట్టెక్కి గండి పూడ్చినారు. నువ్వు బతికినన్నాళ్లూ అడిగినా కదలని మనుషులు ఒక్క పూటలో పూడ్చినారు. నీళ్లు చల్లలేదు, మన్ను గట్టిపడేట్టు దిమ్మిస కొట్టలేదు. మొదటి వానకే పోతాది.

ఆమె రాసింది అబద్ధమని తేలితే పనులు మనకే తిరిగొస్తాయంట.

నేనూ మన్ను మోసినా నాయనా.