తొమ్మిది గంటల పరీక్ష

జూన్ 8, ఆదివారం
మధ్యాహ్నం, కొట్టు మూసేశాక

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. నువ్వు కూడా అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తున్నామని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను గానీ, నీ ఉత్తరం చదివాక అలా తలచడం మా వల్ల కావడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తవు. చేసీ చేసీ విసిగిపోయి మీ అక్క ఫోన్ తీసుకెళ్ళి బీరువాలో పడేసింది. ఇక ఉత్తరమే గతి అని ఆ పని నాకు అంటగట్టింది. కొలతలు తప్ప వేరే ఏదీ రాసే అలవాటు లేనివాణ్ణి. మధ్యలో ఎక్కడైనా ఛాతీ, నడుం అని పడితే సర్దుకుని చదువుకో.

ముందు ఇంటి కబుర్లు. బళ్ళు తెరిచే రోజులు కదా, కొట్లో యూనిఫారాలు కుప్పలు పడి ఉన్నాయి. కత్తిరింపు బల్ల కింద కూడా మూటలే. పాత మిషను మళ్ళీ దారం తెంపుతోంది. మీ అక్క కాజాలు కుడుతూ నన్ను తిడుతుంది, గుండీలు కుడుతూ నిన్ను తిడుతుంది. రెండూ లెక్కకు సమానమే కాబట్టి మనలో ఎవరికీ అన్యాయం జరగడం లేదు. నీతో ఇక జన్మలో మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్న దగ్గర్నుంచీ నా పక్కనే కూర్చుని, దగ్గు తగ్గిందా అని అడుగు, అద్దెగదిలోకి గాలి వస్తుందా అని అడుగు అంటోంది. అడిగాను. జవాబు మాత్రం నాకు రాయకు, ఆవిడకే రాసుకో.

ఇక అసలు సంగతికి వస్తాను. నువ్వు ఊరు వదిలిన మర్నాడే మీ హెడ్మాస్టరు బడి గేటు పక్కన పబ్లిక్ పరీక్ష ఫలితాల బోర్డు పెట్టించాడు. గదులు చాలక ఒకే బడిని రెండు పూటలు నడుపుతున్నారు, సరే. పొద్దుటి పూట పనిపాటలకు పోయే పిల్లలు మధ్యాహ్నం బడి అడిగి మరీ చేరతారు, అదీ సరే. ఇప్పుడా రెండు పూటలనూ ఒకే బోర్డు మీద పక్కపక్కన నిలబెట్టాడు. ఉదయం బడిలో నూటికి తొంభై ఒక్కరు గట్టెక్కారట. మధ్యాహ్నం బడిలో నలభై నలుగురట. కింద మళ్ళీ ఆడపిల్లలు వేరు, మగపిల్లలు వేరు. మీ మధ్యాహ్నం బడిలో కూడా ఆడపిల్లలే కాస్త నయం. గుడ్డలు ఇచ్చి వస్తూ నేనూ కాసేపు అక్కడ ఆగాను. ఆ బోర్డు ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ కారణం ముందే తెలుసు. అలాంటి ఇళ్ళల్లో పిల్లలకు చదువెక్కడ అబ్బుతుందండీ అన్నాడు ఒకాయన. మధ్యాహ్నం మాస్టర్లు భోంచేసి కునుకు తీస్తారు, ఇంకేం చెబుతారు అన్నది ఒకావిడ. ఆ మాటకు నా చెయ్యి దురద పెట్టింది. సంచి రెండో చేతికి మార్చుకుని వచ్చేశాను.

మందుల కొట్టాయన ఉన్నాడే, ఉదయం బడిలో అతని కొడుకే ఫస్టు. ఆ సాయంత్రం పంట్లాం కోసం వచ్చి, చదువనేది రక్తంలో ఉండాలయ్యా అని నాకో పాఠం చెప్పాడు. నిజమేనండీ అని తలూపి, నడుం దగ్గర ఒక వేలెడు బిగించి కుట్టాను. మీ అక్క కనిపెట్టేసి, కుట్లు విప్పించి సరిచేసేదాకా నాకు టీ ఇవ్వలేదు. అయినా ఒక పూటంతా నా మనసు చల్లగా ఉందిలే.

మన పిల్ల సంగతి నీకు తెలిసిందే. అన్నీ నెగ్గింది, లెక్కల్లో తప్పింది. మామయ్య లెక్కల మాస్టారు, మేనకోడలు లెక్కల్లోనే ఫెయిలు అని వీధంతా ఒకటే నవ్వు. అది కూడా వాళ్ళతో కలిసి నవ్వి ఇంట్లోకి వచ్చింది. వచ్చి, నాన్నా, ఇక నేను రెండో మిషను మీద కూర్చుంటాను, చదువు మనకు పడలేదు అంది. వ్యాపారం చూసుకుంటే నేను ఎగిరి గంతెయ్యాలి. దాని కుట్టు నా కుట్టు కంటే నీటు. కానీ ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. బోర్డు పెట్టకముందు అది, నాకు లెక్కలు పోయాయి అనేది. బోర్డు చూసొచ్చాక, మనకు చదువు పడలేదు అంటోంది. ఆ మన అనే మాటలోకి ఎవరెవర్ని కలిపిందో నేను అడగలేదు.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. లెక్కల పరీక్ష రోజు కూడా పొద్దున్నే లేచి, మేం వద్దంటున్నా వినకుండా, అలవాటు కొద్దీ గుండీలు కుట్టి వెళ్ళింది. మధ్యాహ్నానికి మొహం పాలిపోయి తిరిగొచ్చింది. అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చుంది. సరిగ్గా నీ క్లాసు మొదలయ్యే వేళకి లేచింది. బల్ల మీద ఎవరిదో కోటుకని నల్లగుడ్డ పరిచి ఉంది. నా సుద్దముక్క తీసుకుని ఆ గుడ్డ మీద ప్రశ్నపత్రం మొత్తం చేసి పారేసింది. నేను కేకలేశాను, తల ఎత్తలేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రాసి, చేతులు దులుపుకుని, ఇవన్నీ నాకు వచ్చు నాన్నా, రెండింటికి వస్తాయి, తొమ్మిదింటికి రావు అంది.

అవి తప్పో ఒప్పో నాకేం తెలుస్తుంది. నీకు చూపిద్దామని ఆ గుడ్డ కత్తిరించకుండా దాచాను. నువ్వేమో పేపర్లు దిద్దడానికి పొరుగూరు వెళ్ళి ఉన్నావు. కోటు మనిషి రోజూ వచ్చి నా ప్రాణం తీశాడు. చివరికి మీ అక్క బ్రష్ తెచ్చి దులిపింది. దులుపుతూ ఏడ్చింది. సుద్ద కళ్ళల్లో పడిందని నాతో బుకాయించింది.

రొట్టెల బట్టీలో పనిచేసే కుర్రాడు, మీరంతా నిద్రమొహం అని పిలుస్తారే, వాడి సంగతి కూడా మన పిల్లే చెప్పింది. తెల్లారకముందు నుంచీ పిండి పిసికి తిన్నగా పరీక్షకి వచ్చాడట. నంబరు వేసి, మొదటి లెక్క ఎత్తి, అలాగే బెంచీ మీద వాలిపోయాడట. కాపలా మాస్టారు తట్టి లేపితే ఉలిక్కిపడి, మాడిపోయాయా అని అడిగాడట. హాలంతా నవ్విందట. మన పిల్ల నవ్వుతూనే చెప్పింది, నేనూ నవ్వాను. తర్వాత ఎవరి గుడ్డ మీదకి వాళ్ళం వంగిపోయాం.

ఇప్పుడు నీ ఉత్తరం. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, మడతల దగ్గర చిరుగుతోంది. పిల్లల్ని నేనే ముంచాను బావా అని రాశావు. వాళ్ళ పొద్దుటి పని చెడకూడదని, కూలి పోకూడదని, మాదిరి పరీక్షలన్నీ మధ్యాహ్నం రెండింటికే పెట్టావు. వాళ్ళు బ్రహ్మాండంగా రాశారు. ఈసారి మా పిల్లలు ఉదయం బడితో సమానంగా నిలబడతారని స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నావు. తీరా అసలు పరీక్ష తొమ్మిదింటికి. అంతకుముందు ఒక్కరోజు కూడా ఆ వేళప్పుడు వాళ్ళు పెన్ను పట్టింది లేదు. జాలిపడి తప్పు చేశాను, పిల్లల ముందు నిలబడే అర్హత నాకు లేదు, ఇక్కడి విద్యాశాఖ ఆఫీసులో కుర్చీ ఉద్యోగం ఇస్తామన్నారు, పదహారున చేరిపోతాను అని ముగించావు.

చూడు, తప్పు కాదని నేను అనను. అది తప్పే. నీకు తట్టాల్సింది, తట్టలేదు. ఇన్నేళ్ళుగా ఆ బళ్ళో ఉన్న పెద్దలకీ తట్టలేదనుకో, వాళ్ళ మాట ఎందుకు. కానీ ఆ బోర్డు చూసిన ఊరు ఊరంతా లోపం పిల్లల్లో వెతికింది. వాళ్ళ ఇళ్ళల్లో వెతికింది, రక్తంలో వెతికింది. నువ్వొక్కడివే నీలో వెతుక్కున్నావు. అలాంటి మనిషిని పిల్లల దగ్గర్నుంచి లాక్కెళ్ళి ఫైళ్ళ ముందు కూర్చోబెడితే ఫైళ్ళకు ఒరిగేదేముంది? అవి తొమ్మిదింటికైనా రెండింటికైనా ఒక్కలాగే ఉంటాయి.

నేను ఎన్ని గుడ్డలు తప్పు కత్తిరించానో నీకు లెక్క చెప్పక్కర్లేదు, వాటిల్లో సగం నువ్వే తొడుక్కుని పెరిగావు. కత్తెర పడ్డ గుడ్డ మళ్ళీ అతుక్కోదు. వేరే గుడ్డ తెచ్చి, ఈసారి ఒకటికి రెండుసార్లు కొలిచి కుడతాను. అంతేగాని కొట్టుకి తాళం వేసి పారిపోలేదు. పారిపోతే మీ అక్క ఊరుకునేది కాదనుకో, అది వేరే సంగతి.

తప్పినవాళ్ళకి మళ్ళీ పరీక్ష జూలై ఏడున. అదీ పొద్దున తొమ్మిదికే. అది కూడా పోతే వీళ్ళల్లో ఎవరూ ఇక బడి మొహం చూడరు, ఆ సంగతి నీకూ తెలుసు నాకూ తెలుసు. మన పిల్ల కూడా మిషను దిగదు. ఇప్పుడే దానికి నా మీద పెత్తనం వచ్చేసింది. నా టేపు ఎక్కడుందో దాన్ని అడగాల్సి వస్తోంది.

అలాగని నిన్ను రమ్మని రాయడం లేదు. ఉద్యోగం నీది, నిర్ణయం నీది. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని హాయిగా ఉంటానంటే ఉండు. నాకేం కోపం లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. నువ్వు మా ఇంట్లో పెరిగిన పిల్లాడివి. నిన్ను బావమరిదిగా ఎప్పుడూ చూడలేదు, పెద్దకొడుకనే అనుకున్నాను. ఎదురుగా ఉంటే ఈ మాట నా నోటికి రాదు, కాగితం కాబట్టి వచ్చింది. అక్కడ ఒంటరిగా కూర్చుని నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావని తలచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

వేళకి తిను. చొక్కా కాలరు చిరిగితే పారేయకు, తిప్పి కుడతాను, తెచ్చుకో.

ఇట్లు,
నీ మేలు కోరే
బావ

తా.క. ఉత్తరం మీ అక్క చదివింది. ఊళ్ళో కబుర్లన్నీ రాశావు, అసలుది రాయకుండా నీళ్ళు నమిలావేమిటయ్యా అంది. అందుకని ఇది.

పోయిన మంగళవారం పొద్దున తొమ్మిదింటికి నిద్రమొహం పరీక్ష అట్ట పట్టుకుని మన కొట్లోకి వచ్చాడు. బట్టీ యజమానిని బతిమాలి పని సాయంత్రానికి మార్పించుకున్నానని, ఇకనుంచి తొమ్మిదింటికే కూర్చుని లెక్కలు చేద్దామని మన పిల్లని అడిగాడు. అది ముందు పొమ్మంది. తర్వాత బల్ల మీద నా యూనిఫారం గుడ్డలన్నీ తీసి పక్కన పెట్టింది. మర్నాటికి ఆరుగురు. ఇప్పుడు పదిహేడు మంది. పన్నెండు దాటేదాకా నా కత్తెరకి చోటు లేదు. యూనిఫారాలు ఆలస్యమవుతున్నాయని ఊరంతా నన్ను తిడుతోంది.

చెప్పేవాళ్ళు లేరు వాళ్ళకి. ఒకరికి రానిది ఇంకొకరికీ రాదు. మొన్న శుక్రవారం అందరూ పెన్నులు పక్కన పెట్టేసి, మామయ్య సార్ ఎప్పుడొస్తారని నన్ను నిలదీశారు. మన పిల్లని చూసి క్లాసు క్లాసంతా నిన్ను అలా పిలుస్తుందని నాకు అప్పుడే తెలిసింది. రారు అని చెప్పడానికే నోరు తెరిచాను. ఆ మొహాలు చూసి చెప్పలేకపోయాను. ఇదిగో ఉత్తరం రాశారు అని జేబులోంచి నీ ఉత్తరం తీసి పైకి చదివాను. పిల్లలూ, కాస్త ఓపిక పట్టండి, పదహారో తారీకు సోమవారం తొమ్మిదింటికి వస్తాను, అప్పటిదాకా వచ్చిన లెక్కలే మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉండండి అని చదివాను. నీ మాట ఒక్కటి లేదు అందులో. అన్నీ నేను కల్పించినవే.

చదవడం అయ్యాక చూశాను, మన పిల్ల నా వెనకే నిలబడి ఉంది. నా భుజం మీదుగా కాగితం దానికి కనిపిస్తూనే ఉంది. నీ చేతిరాత దానికి నాకంటే బాగా తెలుసు. నువ్వు నిజంగా రాసిందంతా అది చివరిదాకా చదివేసింది. నిజంగా అలాగే రాశారా అని నిద్రమొహం దాన్నే అడిగాడు. అది నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని, జాగ్రత్తగా మడతపెట్టి నా జేబులో పెట్టి, నాన్న కింద రాసింది చదవలేదు, మిమ్మల్నందర్నీ పేరుపేరునా అడిగాడు మామయ్య అంది.