రంగు తేలిన రక్తం

మా పిచుకమ్మకు,

అక్క దీవెనలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. తమ్ముడికి దగ్గు తగ్గింది, సిగరెట్లు తగ్గలేదు. అక్కడ నువ్వూ, మరిదిగారూ, నీ కడుపులోని చిన్న ప్రాణమూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం చదివి చించెయ్యమన్నావు. చించాను. మాటలు మాత్రం చిరగలేదు. నాకు తోచినంత జవాబు రాస్తున్నాను.

“మీ ల్యాబులో చేసే టీకా నా కాన్పునాటికి వస్తుందా అక్కా?” అన్నావు. రాదమ్మా. మేమింకా గినీ పందుల దగ్గరే ఉన్నాం. పుండ్లు లేపే ఈ హెర్పిస్ వైరస్ పైపొరలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. వాటిని విడదీసి, మిగతా చెత్తంతా పోయేదాకా గాజు గొట్టంలో వడకట్టడం నా ఉద్యోగం. చల్లగదిలో స్వెట్టరు తొడుక్కుని కూర్చుంటాను. చుక్క తర్వాత చుక్క పడుతుంది. తొందరపెడితే పాడవుతుంది. ఆ చుక్కల మధ్యే నా ప్రార్థన సాగుతుంది. ఈమధ్య అందులో నీ వంతే ఎక్కువ.

ఆ ప్రోటీనుకు రోగం తెచ్చే శక్తి లేదు. దొంగ చొక్కా తెచ్చి కుక్కకు వాసన చూపించడం లాంటిదనుకో. రేపు దొంగ వస్తే కుక్క ఊరుకోదు. సూది వేసిన గినీ పందులకు పుండ్లు తక్కువగానే వస్తున్నాయి. వాటిని సాకే పెద్దాయన “మావాళ్లకు మీ నీళ్లు వంటబట్టాయమ్మా” అని మురిసిపోతున్నాడు. మనుషులదాకా రావాలంటే ఇంకా చాలా దూరం ఉంది.

“నా బిడ్డకు నేనే విషం మోస్తున్నానా?” అని కూడా రాశావు. ఆ మాట రాయడానికి చెయ్యెలా వచ్చిందే నీకు? ఈ హెర్పిస్ నీకు నిన్నా మొన్నా వచ్చింది కాదు, పెళ్లైన కొత్తలోనే వచ్చింది. ఇన్నేళ్లలో నీ ఒళ్లు ఆ వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంది. నేర్చుకున్న ఆ కాపలాను నీ రక్తం బిడ్డకు పంచిపెడుతోంది. గాజు గొట్టం ముందు కూర్చుని మేమింకా సాధించలేనిదాన్ని నీ ఒళ్లు చడీచప్పుడు లేకుండా చేస్తోంది.

అలాగని నిశ్చింతగా ఉండకు. కాన్పు సమయానికి బిడ్డ వచ్చే దారిలో పుండు లేస్తే ప్రమాదమే. డాక్టర్లకు ముందే తెలిస్తే మాత్రలిస్తారు. అయినా పుండు కనబడితే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు. ముందే తెలిస్తేనే సుమా.

నువ్వేమో డాక్టరమ్మ అడిగితే “అలాంటివేమీ లేవండీ” అని వచ్చేశావు. పైగా “సిగ్గుతో చచ్చిపోతానక్కా, నీకేం, నువ్వు నిప్పులాంటిదానివి” అని నామీదకే తోశావు.

ఆ నిప్పు సంగతి చెబుతాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మా పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి, పెదవికైనా, కిందైనా ఈ వైరస్ ఎన్నడూ సోకని మనిషి రక్తం కావలసివచ్చింది. “నాది తీసుకోవే, నిప్పులాంటి రక్తం. పెదవిమీద పొక్కైనా ఎరగను” అని పరీక్ష చేసే అమ్మాయి ముందు చెయ్యి చాపాను. గర్వంగానే చాపాను. పరీక్ష ప్లేటులో చిన్న చిన్న గుంటలుంటాయి. సోకని రక్తమైతే గుంటలో రంగు రాకూడదు. నాది అన్నిటికంటే ముందు పసుపెక్కి కూర్చుంది.

“అక్కా, మీ నిప్పుకు పొగొచ్చిందండీ” అంది ఆ అమ్మాయి.

“నువ్వేదో కలిపేసి ఉంటావు. మళ్లీ చెయ్యి.”

“మళ్లీ కూడా చేశానండీ. మళ్లీ పొగే.”

“నాకెలా వస్తుందే?”

“చిన్నప్పుడు ఎవరో ముద్దు పెట్టుకుని ఉంటారు. ముద్దుగా ఉండేవారేమో!”

రోజూ ఆ పనిలోనే ఉండి ఆ మాత్రం తెలియదా అంటావు. చాలామందికి తెలియకుండానే ఉంటుందని తెలుసు. ఆ చాలామందిలో నేను లేననుకున్నాను, అంతే. ఆ పూట చల్లగదిలో ప్రార్థన నోటికి రాలేదు. సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. నువ్వు ఒంటరిగా మోస్తున్న బరువేమిటో నాకు అప్పుడు తెలిసింది.

శనివారానికి వస్తున్నాను. నీ తర్వాతి పరీక్షకు కలిసే వెళదాం. డాక్టరమ్మ ముందు మొదట నేనే నోరు తెరుస్తాను: “నాకు హెర్పిస్ ఉందండీ, బిడ్డను ఎత్తుకోవచ్చా?” చేతులు కడుక్కోమంటుంది, ముద్దులొద్దంటుంది, పెదవిమీద పొక్కు లేస్తే గుమ్మం దగ్గరే ఆగమంటుంది. అన్నింటికీ తలూపుతాను. నా మాట అయ్యాక డాక్టరమ్మ నీవైపు తిరుగుతుంది. అప్పుడు నువ్వు చెప్పు. నీ చెయ్యి నా చేతిలోనే ఉంటుంది.

ఇట్లు,
ముద్దు పెట్టకుండానే మురిసిపోబోయే పెద్దమ్మ,
నీ అక్క.