తాతకు రాని ఈత

కేదార్,

గాలాలు బాల్కనీలో ఉన్నాయి. గుడారం నువ్వే సర్దు. మీ తాత మెట్రో ఎక్కి లక్డీకాపూల్ వెళ్లాడు. రేపు మనల్ని గోదావరి మధ్య లంకకు తీసుకెళ్లే పడవవాళ్ల ఆఫీసు అక్కడే ఉంది.

"గోదావరిని అడ్డంగా ఈదినవాణ్ణి నేనుండగా పిల్లలకు లైఫ్ జాకెట్లెందుకయ్యా?" అని మొన్న వాళ్లకు ఫోన్లో వద్దనేశాడు. ఆ గొప్ప నువ్వు చెల్లెలు భావనకు చెబుతుంటే విని, ఆయన చెప్పులేసుకున్నాడు.

ఆయనకు ఈత రాదురా. మొసలినెక్కి ఏరు దాటిన కథ కూడా ఒడ్డున కూర్చుని అల్లిందే. మీరు నోరు తెరుచుకుని వింటుంటే ఇన్నేళ్లూ ఆపలేకపోయాడు. తప్పయిపోయింది.

అందరికీ జాకెట్లు చెప్పి వస్తాడు. భావనకు నువ్వు చెప్పకు, తనే చెబుతాడు.

ఆ తాతనే, మీ కామరాజు తాత

మరిచాను, పడవలో ఆయన జాకెట్ నువ్వే బిగించు. చేతులు వణుకుతాయి. భావన అడిగితే చలికని చెప్పు.