బండి నేను నడపలేదక్కా

అక్కా,

నువ్వూ బావా పిల్లలూ కులాసాయే కదా? బావ నడుం నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఒంటికేమీ కాలేదు, కంగారుపడకు. ఫోను మేనేజరు తీసుకున్నాడు, అందుకే ఉత్తరం. ఇక్కడ వంట చేసే రాములమ్మ సంతకు వెళ్తూ పోస్టులో వేస్తానంది.

మధిర వదిలి ఈ అడవి అంచు రిసార్టులో జీపు డ్రైవరుగా చేరి నాలుగు నెలలైంది. తిండికి లోటు లేదు, నీ గోంగూర పచ్చడి లేదంతే. ఎండలు మాత్రం చంపేస్తున్నాయి.

మొన్న హైదరాబాదు నుంచి నలుగురు వచ్చారు. బాగా ఉన్నవాళ్లు. సాయంత్రం హాల్లో పెద్ద తెర మీద ఒక సినిమా పెట్టుకున్నారు. చాయ్ ఇస్తూ నేనూ చూశాను. అందులో కొండ మీది బంగళాకు షికారుకొచ్చిన ధనవంతులు ఏ పాపం చేసినా, గాయం పనివాడి ఒంటి మీద తేలుతుంది. అది తెలిశాక వాళ్లు సరదాకి పాపాలు చేస్తారు. నాకు చూడబుద్ధి కాలేదు. వీళ్లు మాత్రం పడీ పడీ నవ్వారు.

మర్నాడు అడవికి బయల్దేరితే వాళ్లలో ఒకాయన జీపు తనే నడుపుతానన్నాడు. తాళాలు ఇవ్వకూడదు. ఇచ్చేశాను. అది నా తప్పే అక్కా.

ఇక్కడి గూడేల్లో ఇప్పుడు విత్తనాల పండగ. మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుకర్ర పట్టుకుని, పాటలు పాడుతూ బండ్లు ఆపుతారు. ఏదో ఒకటి చేతిలో పెడితే నవ్వుతూ దారిస్తారు. లారీలు కూడా ఆగుతాయి. ఆగని బండి ఉంటుందని వాళ్లెప్పుడూ అనుకోలేదు. అందుకే కర్ర వదల్లేదు.

"సార్, పండగ సార్, ఆపుండ్రి" అన్నాను.

"ఆపితే మజా ఏముంటది? రాత్రి సినిమా చూడలే?" అన్నాడు. వెనకవాళ్లు చప్పట్లు కొట్టారు. బండి తగిలి ఒక ముసలామె ఎగిరిపడింది. నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన ఆపలేదు.

రిసార్టుకు తిరిగొచ్చాక మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "శ్రీనూ, బండి నువ్వే నడిపినవని చెప్పు. బెయిల్ గిట్ల మేం చూస్కుంటం."

"అట్లనే సార్" అన్నాను. నాలుగు నెలలుగా ఆయన ఏం చెప్పినా నా నోట్లోంచి వచ్చేది అదే. అప్పటినుంచి నన్ను గేటు దాటనివ్వడం లేదు. భయంతో నిద్ర పట్టడం లేదు. పొద్దున చొక్కా విప్పి అద్దంలో ఒళ్లంతా చూసుకున్నాను, ఎక్కడైనా గాయం తేలిందేమోనని. నవ్వకక్కా.

ఇందాక రాములమ్మ చెప్పింది, ముసలామెకు దవాఖానాలో తెలివొచ్చిందట. తుంటి విరిగిందట. కళ్లు తెరవగానే అడిగిందట: "పక్క సీట్ల కూసున్న పిలగానికి ఏం కాలే గద? పాపం, మస్తు అరిసిండు."

అది విని చాలాసేపు ఏడ్చాను. మధ్యాహ్నం పోలీసులు వస్తున్నారు. ఎవరు నడిపారో చెప్పేస్తాను. భయం పోలేదు, అయినా చెప్తాను.

పెద్దమ్మకు నా దండాలు. మీ అందరి దీవెన నాకు ఇప్పుడే కావాలి. నేరం నేనే ఒప్పుకున్నానని ఎవరైనా వచ్చి చెబితే, నమ్మకు. నా సంతకం చూపించినా నమ్మకు. ఈ ఉత్తరం తీసుకుని బావతో కలిసి ఆ ముసలామె దగ్గరికి వెళ్లు.

నీ తమ్ముడు,
శ్రీను