తెగిపోయే ఉంగరం

శనివారం, రాత్రి

వచ్చే నెల చర్చిలో సుధాకర్ వేలికి నేను తొడిగేది బంగారు ఉంగరం కాదు. ఈ సాయంత్రం ఆ సంగతి తేలిపోయింది.

నెల్లూరు కొట్లో బంగారు ఉంగరం పెట్టుకుని చూశాడు, వెంటనే తీసేశాడు. నా మనసు చివుక్కుమంది. తిరిగొస్తూ సముద్రం ఒడ్డున బండి ఆపాడు. వాళ్ళన్న చేతికి ఒక వేలు లేదని తెలుసు గానీ, ఎలా పోయిందో నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ తనే చెప్పాడు: పడవ ఇంజన్ బాగుచేస్తుంటే ఉంగరం బెల్టులో చిక్కుకుందట.

"నేనూ అదే పని చేస్తా ఉండా. రబ్బరు మాదిరి ఉంటాదే, ఆ సిలికాన్‌ది తీసుకుందాం. గట్టిగా లాగితే అదే తెగిపోతాది, వేలు మిగులుతాది."

"తెగిపోయే ఉంగరంతో ప్రమాణం చేస్తావా?"

అతను నవ్వలేదు. "తెగితే ఇంకోటి తొడుగు. నీ చెయ్యి పట్టుకునేదానికి నా చెయ్యి బాగుండాల గదా."

నేనే ఫోన్ తీసి అలాంటి ఉంగరాలు వెతికాను. చీకటి పడుతోంది. నీళ్ళు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు, అంతా ఒకటే ముదురు నీలం. ఫోన్లో రంగులు చూస్తూ, సరిగ్గా ఆ నీలాన్నే ఎంచుకున్నాం.

అమ్మకింకా చెప్పలేదు. పెళ్ళికి రబ్బరు ఉంగరమేమిటని పాస్టరుగారి దాకా వెళ్తుందేమో...

కళ్ళు మూస్తే ఇంకా అలల చప్పుడే. ఏదో ఒక రోజు ఆ ఉంగరం తెగిపోతుంది. అతను ఖాళీ వేలితో ఇంటికొస్తాడు, నేను తలుపు తీస్తాను. అలా తలచుకుంటే భయం వేయాలి. ఎందుకో హాయిగా ఉంది.