గుర్రాల జాగకు కాంపౌండు గోడ

చేవెళ్ల,
12 జూన్ 2005

చిరంజీవి రిత్విక్‌కు నీ అక్క కృష్ణవేణి దీవెనలతో రాసేది.

మన చేవెళ్ల ప్రాంత అశ్వ పరిశ్రమ ప్రోత్సాహక స్వచ్ఛంద సంఘానికి అధ్యక్షుడిగ ఉండడానికి ఒప్పుకున్నవని మీ నాయిన, మా చిన్నబాపు చెప్పిండు. సంతోషం. ఫోన్ చేస్తే మీటింగ్‌ల ఉన్ననంటవు. ఏ ముచ్చటైనా రాతమూలకంగ ఉండాలని కూడ అన్నవట. అందుకే ఈ ఉత్తరం.

సంఘం పేరు పెద్దగున్నది గాని మనుషులం కొద్దిమందిమే. పెండ్లి బరాతులకు గుర్రాలు తోలేటోళ్లు, ఇద్దరు టాంగావాళ్లు, ఫాంహౌజ్‌లల్ల పిల్లలను గుర్రమెక్కించి తిప్పే ఒకాయన. వాళ్లందరు ఉలవలు, తవుడు మా దుకాణంలనే కొంటరు. వాళ్లల్ల దరఖాస్తు రాయొచ్చినోళ్లు లేరు. అట్ల నేను కార్యదర్శినైన. జీతం లేదు. గుర్రాలుంటెనే గద ఉలవలు పోయేది అని మీ బావ ఒప్పుకున్నడు.

నిన్ను అడిగేది ఒక్కటే. మొయినాబాద్ దిక్కు హిమాయత్‌నగర్ ఊరి దగ్గర, రోడ్డు పక్కన అరుణమ్మ జాగ నీకు ఎరికే. మన గుర్రాలన్ని అక్కడనే కడుతరు. బాయి ఉన్నది, నీడ ఉన్నది. ఆమె ఎన్నడు కిరాయి తీసుకోలేదు. దసరా నాడు ఒక గుర్రం తన వాకిట్ల నిలబడితే చాలంటది. ఇప్పుడు ఆ రోడ్డు మీద కార్లు ఆగుతున్నయి. దిగినోళ్లు గుర్రాలను చూస్తలేరు, జాగను ఈ కొస నుంచి ఆ కొసకు చూస్తున్నరు. అరుణమ్మకు భయమైంది. నేను ఉండంగనే గుర్రాల సంఘానికి రాసిస్త, చదువుకున్నోడు ఒకడు వచ్చి పక్కన నిలబడాలె అన్నది. ఆ చదువుకున్నోడివి నువ్వే. ఒకసారి వచ్చి రాయించి పో. ఆ జాగ పోతే గుర్రాలు పోతయి. మిగిలిందంత నేను చూసుకుంట.

మా పెండ్లి బరాత్‌ల మీ బావ ముందట గుర్రం మీద కూసున్న పిల్లగానివి నువ్వే. ఆ గుర్రం బిడ్డనే ఇప్పుడు బరాతులు తోలే ఈశ్వరయ్య దగ్గరున్న తెల్లది, చమ్కీ.

నీ అక్క,
కృష్ణవేణి, గౌరవ కార్యదర్శి

తా.క.: మెంబర్ల ఈమెయిల్ అడ్రసులు పంపమన్నవట. ఎవరికీ లేవు. ఈశ్వరయ్య మాత్రం చమ్కీ పేరు రాసుకొమ్మన్నడు. ఎవరొచ్చినా దాన్నే అడుగుతరు, నన్నెవరు అడుగుతరు అన్నడు.


గండిపేట,
28 జూన్ 2005

అక్కకు, బావకు నమస్కారం.

నీ ఉత్తరం ఆఫీసుల మా టీమ్‌కు చదివి వినిపించిన. పెండ్లి గుర్రం మీద కూసున్నది నేనే అంటే ఎవరూ నమ్మలేదు. ఆ రోజు నాకు ఇంకా యాదికున్నది అక్క. ఆ యాదితోటే ఈ పని ఒప్పుకున్న.

అయితే జాగ అనేది చిన్న ఆలోచన. మనం పెద్దగ ఆలోచించాలె. గుర్రం ఒక బ్రాండ్. మా డిజైనర్ ఫ్రీగ లోగో చేసిచ్చిండు: ఉరుకుతున్న గుర్రం, కింద 'చేవెళ్ల కదిలింది' అని. అదే అచ్చేసి మెంబర్లందరికి టీషర్టులు పార్సిల్ చేసిన. వెబ్‌సైట్ తయారైతున్నది. మన గుర్రాలకు ఏమేం పనులొచ్చో రాసి పంపు, అందుల పెట్టాలె.

జాగ గురించి ఫికర్ చెయ్యకు. మా మేనమామ శ్యాంసుందర్‌ను సంఘానికి కోశాధికారిగ పెట్టిన. మొయినాబాద్‌ల సిమెంటు దుకాణం ఆయనదే. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోతే ఆయనకు కుర్చీ వేస్తరు. అరుణమ్మను ఆయనే కలుస్తడు.

నీ తమ్ముడు,
రిత్విక్, అధ్యక్షుడు

తా.క.: లోగోల గుర్రం ఎక్కడిదని అడిగితే చెప్పకు. ఇంటర్నెట్‌ల దొరికింది. మనోళ్ల గుర్రాల ఫొటోలు చూపించిన గాని, అవి ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉన్నయని డిజైనర్ వద్దన్నడు.


చేవెళ్ల,
20 జూలై 2005

తమ్ముడు రిత్విక్‌కు దీవెనలు.

టీషర్టులు ముట్టినయి. ఈశ్వరయ్య అది తొడుక్కొని ఎంకపల్లిల ఒక బరాత్‌కు పోయిండు. పెండ్లోళ్లు వంటోళ్ల మనిషనుకొని ఇస్తరాకులు చేతికిచ్చిన్రు. 'చేవెళ్ల కదిలింది' అన్నది చదివి, ఎటు పోయిందని ఒక ముసలాయన అడిగిండట.

గుర్రాలకు ఏం పనులొచ్చు అన్నవు. బరాత్ గుర్రానికి ఉరుకుడు నేర్పరు, నిలబడుడు నేర్పుతరు. బ్యాండు మొదలుకాంగనే ఆగాలె. ముందట పిల్లలు ఎగురుతరు, పటాకలు పేలుతయి, కదలొద్దు. ఎవరన్న వచ్చి పెండ్లికొడుకు తల చుట్టు నోటు తిప్పి బ్యాండోళ్లకిస్తే, అప్పుడు నాలుగడుగులు వేస్తది. మళ్ల ఆగుతది. నోటు తిరగకుంటే నువ్వు గుంజినా, తిట్టినా అడుగు పడదు. బ్యాండు బందయిందంటే పెండ్లి అయిపోయిందని దానికి లెక్క. ఇంటికి మళ్లుతది. చమ్కీకైతే తొవ్వ చూపియ్య పనిలేదు. ఈశ్వరయ్య దాని మీదనే కునుకు తీస్తడు. ఏ ఊరి నుంచైనా అరుణమ్మ జాగకొచ్చి, తనను కట్టేసే గుంజ పక్కన నిలబడి, అప్పుడు ఒక్కసారి ముక్కు చీది ఆయనను లేపుతది.

శ్యాంసుందర్ గారు వచ్చిన్రు. అరుణమ్మకు మిఠాయి డబ్బ ఇచ్చి, కాళ్లు మొక్కిన్రు. ఆమె మురిసిపోయింది. నాకు ఒక్కటే మంచిగ అనిపియ్యలేదు. ఆయన కూడ జాగను ఈ కొస నుంచి ఆ కొసకు చూసిండు.

ఇంకో ముచ్చట. ఊరకుక్కలు వచ్చి గుర్రపు పిల్లలను కరుస్తున్నయి. వీలైతే చుట్టు ముండ్ల కంచె వేయించు.

నీ అక్క,
కృష్ణవేణి

తా.క.: మిగిలిన టీషర్టులు జీను కింద మెత్తగ వేస్తున్నరు. గుర్రాలకు పుండ్లు పడుడు తగ్గింది. ఈ మేలు మరువం.


గండిపేట,
25 ఆగస్టు 2005

అక్కకు నమస్కారం.

రెండు శుభవార్తలు. ఒకటి, రిజిస్ట్రేషన్ అయిపోయింది. అరుణమ్మ వేలిముద్ర వేసింది. సంఘానికి పాన్ కార్డు లేదు కాబట్టి ప్రస్తుతానికి మామ పేరు మీద చేయించినం. పేరుదేమున్నది, ఉద్దేశం ముఖ్యం.

రెండోది, కంచె ఎందుకక్క, గోడనే కట్టిస్తున్నం. సిమెంటు మామ దుకాణం నుంచే. కుక్క కాదు గద, పిల్లి కూడ దుంకలేదు.

ఆఫీసుల బిజీగున్న. ఇంతే.

నీ తమ్ముడు,
రిత్విక్

తా.క.: గుర్రాలకు ఉరుకుడు రాదన్నవు. వెబ్‌సైట్‌ల 'స్థిరత్వం' అని రాసిన.


చేవెళ్ల,
6 నవంబర్ 2005

రిత్విక్‌కు.

గోడ లేసింది. మంచిగున్నది. నువ్వన్నట్టే కుక్క పోలేదు, పిల్లి పోలేదు. గుర్రాలు కూడ పోలేవు.

కట్టేటప్పుడు వారం రోజులు గుర్రాలను బయట ఉంచుమన్నరు. ఉంచినం. అయినంక గేటుకు వాచ్‌మన్‌ను పెట్టిన్రు. సంఘం గుర్రాలని నేను పోయి చెప్పిన. గుర్తింపు కార్డు లేందే ఎవరినీ రానియ్యొద్దని శ్యాంసుందర్ గారి ఆర్డరట. ఈశ్వరయ్య ఆ మాట నిజమనుకున్నడు. చమ్కీని మొయినాబాద్ ఫొటో స్టూడియోకు తోలుకపోయి, వెనుక నీలం పరద కట్టించి, ఫొటో దింపించి కార్డు చేయించిండు. వాచ్‌మన్ కార్డు రెండు దిక్కుల తిప్పి చూసి, దీని మీద సంతకం లేదన్నడు. ఎవరి సంతకం అని ఈశ్వరయ్య అడిగిండు. కార్డు ఎవరిదైతే వాళ్లదే అన్నడు వాచ్‌మన్.

ఇప్పుడు గుర్రాలు రోడ్డు అంచున ఉంటున్నయి. షేర్ ఆటోలు చెవులకాడ హారన్ కొట్టుకుంట పోతయి. ఒక గుర్రానికి కాలిరిగింది. టాంగావాళ్లు ఇద్దరు అమ్ముకున్నరు. ఒకాయన బీదర్ దిక్కు తోలుకపోయిండు. నేను ఆరుసార్లు ఫోన్ చేసిన. నువ్వు ఆరుసార్లు మీటింగ్‌ల ఉన్నవు.

దసరా నాడు అలవాటు తప్పకుండ చమ్కీ అరుణమ్మ వాకిట్ల నిలబడ్డది. ఆమె దాని నొసటికి కుంకుమ పెట్టి, రోడ్డు దాక నడిచొచ్చి గోడను చూసింది. "జాగ నేను గుర్రాలకిచ్చిన, గోడకియ్యలేదు" అన్నది. జవాబు అధ్యక్షుడినే అడుగుత అన్న. నీకు దొరికితే రాయి.

కృష్ణవేణి

తా.క.: ఫొటో మాత్రం మంచిగొచ్చింది. స్టూడియో ఆయన దాన్ని ముందర అద్దంల పెట్టిండు. మన సంఘం చేసిన ప్రచారం ఇప్పటికి అదొక్కటే.


గండిపేట,
9 జనవరి 2006

అక్కకు నమస్కారం.

నువ్వు కోపంల ఉన్నవు. కమ్యూనికేషన్ గ్యాప్ అయింది. అయితే ఒక్క మాట. చుట్టు కంచె వేయించుమన్నది నువ్వే. నీ జూలై ఉత్తరం ఫైల్‌ల ఉన్నది.

అసలు సంగతి చెప్త. మామ ఆ జాగల విల్లాలు కట్టిస్తున్నడు. ఇరవై నాలుగు. పేరు 'అశ్వ విహార్'. పేరు నేనే పెట్టిన. మన సంఘం ఆశయాన్ని ఇటుకలల్ల పెట్టినట్టన్నమాట. గేటు మీద రెండు గుర్రాల బొమ్మలు, దీపాలకు గుర్రపు నాడాల డిజైన్, ప్రతి వీధికి ఒక గుర్రపు జాతి పేరు. పదేండ్ల తర్వాత ఈ ప్రాంతంల గుర్రం అనే మాట ఎవరు నిలబెట్టిన్రంటే మన పేరే చెప్తరు. నిజం గుర్రాలకు కూడ ఎక్కడన్న జాగ చూడాలని మామకు చెప్పిన. చూస్తనన్నడు.

ఫిబ్రవరి 12 నాడు మోడల్ విల్లా ప్రారంభం. చమ్కీ మీద నేను రావాలని మామ కోరిక. కొనేటోళ్లందరు వస్తరు. ఈశ్వరయ్యను టీషర్టు తొడుక్కొని రమ్మను. ఒక గుర్రానికి ఒక పూటకు పాస్ పంపిస్తున్న, సంతకంతోటి. నువ్వు, బావ తప్పక రావాలె.

నీ తమ్ముడు,
రిత్విక్

తా.క.: లోపల టైల్స్ కొత్తగ వేసిన్రు. చమ్కీకి పొద్దున తక్కువ తినిపియ్యమను.


చేవెళ్ల,
14 ఫిబ్రవరి 2006

అధ్యక్షుల వారికి.

మొన్నటి కార్యక్రమంల నువ్వు గుర్రం పైనున్నవు. కింద నుంచి ఎట్ల కనబడ్డదో నీకు తెల్వది. కార్యదర్శిగ రికార్డు కోసం రాస్తున్న.

గేటు కాడ బ్యాండు మొదలైంది. చమ్కీ ఆగింది. శ్యాంసుందర్ గారు కళ్లెం గుంజిన్రు. ఇద్దరు మేస్త్రీలు వెనుక నుంచి నూకిన్రు. నువ్వు పైనుంచి ఏదో ఇంగ్లీషుల చెప్పినవు. ఎండల కుర్చీలల్ల కూసున్నోళ్లు పిలుపు కార్డులతోటి విసురుకున్నరు. ఏం చెయ్యాలో తెలిసిన ఈశ్వరయ్యను ఎవరూ అడగలేదు. నేను జూలైలనే రాసి పంపిన. అది నీ ఫైల్‌ల ఉన్నది.

చివరికి మీ బావకు పాపమనిపించి జేబుల నుంచి నోటు తీసి నీ తల చుట్టు తిప్పిండు. నాలుగడుగులు పడ్డయి. తర్వాత శ్యాంసుందర్ గారు తిప్పిన్రు. తర్వాత కొనొచ్చినోళ్లు వరుసపెట్టి తిప్పిన్రు. వాళ్లకది ఆటయింది. స్టేజీ కొంచెం దూరంల ఉండంగ శ్యాంసుందర్ గారికి ఓపిక అయిపోయి బ్యాండు బంద్ చెయ్యుమన్నరు.

బ్యాండు బందయితే పెండ్లి అయిపోయినట్టు. చమ్కీ స్టేజీ దిక్కు చూడలేదు. ఎడమకు మళ్లి, కుర్చీల నడుమ నుంచి, మోడల్ విల్లా మెట్లెక్కి, మామిడాకుల తోరణం నీ మెడల పడంగ లోపలికి పోయింది. హాల్‌ల సోఫాకు, టీవీకి నడుమ నిలబడ్డది. దాని గుంజ ఉండే జాగ అదే. ముక్కు చీదింది. ఈశ్వరయ్య గుమ్మం కాడ చెప్పులు విడిచి లోపలికొచ్చి, దాని మెడ మీద చెయ్యేసి నీతోటి అన్న మాట నేను విన్న.

"ఇల్లొచ్చింది పటేలా, దిగు" అన్నడు.

ఆ జాగ ఎవరిదో అందరి ముందట తేలిపోయింది. నా పని అయిపోయింది. ఈ ఉత్తరాన్నే రాజీనామా అనుకో. నీకు కొంచెం సిగ్గు మిగిలి ఉంటే ఆ ఒక్క మూల, బాయి దిక్కున్నది, వాపసియ్యి. తక్కినోళ్లు కూడ గుర్రాలను అమ్ముకున్నరు, ఇప్పుడు మిగిలింది చమ్కీ ఒక్కతే. ఎక్కువ జాగ అక్కర లేదు.

కృష్ణవేణి, మాజీ కార్యదర్శి

తా.క.: పొద్దున తక్కువ తినిపియ్యమన్నవు. ముందటి రోజు నుంచే తక్కువ తినిపియ్యమని చెప్పవలసింది.


గండిపేట,
2 మార్చి 2006

అక్కకు వేయి నమస్కారాలు.

నీ రాజీనామా ఒప్పుకుంటలేను. ఆ రోజు నేనూ పరువు పోయిందనే అనుకున్న. కాని పూజకొచ్చిన పంతులు, లోపలికి పోయిన గుర్రం మొదట కుడి కాలు పెట్టిందని చూసిండు. గృహప్రవేశానికి ఆవును తోలుకపోవాలంటే గుంజాలె, నూకాలె. ఎవరూ పిలవకుండ పెండ్లి గుర్రం తనంతట తను ఇంట్లకొచ్చి నిలబడ్డదంటే ఆ భూమి మహిమ వేరే అన్నడు మైకుల. పేడ వేసింది చూడు, అది లక్ష్మి అన్నడు. ఆ సాయంత్రానికి విల్లాలన్ని బుక్ అయిపోయినయి.

ఇప్పుడు ప్రతి ఒక్కరు తమ గృహప్రవేశానికి చమ్కీనే కావాలంటున్నరు. ఇరవై నాలుగు ఇండ్లు, ఇరవై నాలుగు పిలుపులు. ఈశ్వరయ్యకు రెండేండ్ల దాక ఫికర్ లేదు. గుర్రాల పరిశ్రమకు ఇంతకంటే ప్రోత్సాహం ఏముంటదక్క? సంఘం ఈ ఒక్క పనితోటి నిలబడ్డది. తర్వాత మాత్రం కాలనీల కుక్క కంటే పెద్ద జంతువును ఉంచొద్దని రూల్ పెట్టిన్రు. అది కొన్నోళ్లే అడిగిన్రు, నేను కాదనలేకపోయిన.

బాయి మూల అడిగినవు. బాయి పూడ్చేసిన్రు. అక్కడ జిమ్ వస్తున్నది.

ఒక్క ఇబ్బంది ఉన్నది. నిన్న, ముందుగాల కట్టుడు అయిన మూడో నంబరు ఇంటికి తోలితే అందుల నిలబడకుండ మోడల్ విల్లాకే పోయింది. ఆ విల్లా నేనే కొనుక్కున్న. చిన్నప్పటి యాది అని. మీ మరదలు సోఫాలు మార్పించింది, మళ్ల మళ్ల వస్తే కష్టం. నువ్వు ఈశ్వరయ్యకు జర చెప్పి, ఆ జాగను చమ్కీ మరిచిపోయేటట్టు ఏదన్న ట్రైనింగ్ ఇప్పించు.

నీ తమ్ముడు,
రిత్విక్

తా.క.: ఇది రాస్తుండంగనే గేటు నుంచి ఫోనొచ్చింది. చమ్కీ ఒక్కతే వచ్చి నిలబడ్డదట. ఈశ్వరయ్య వెంట లేడు, బ్యాండు లేదు. ఎంత తోలినా పోతలేదు. వాచ్‌మన్ నోటు కూడ తిప్పి చూసిండట. రూల్ ప్రకారం రిజిస్టర్‌ల పేరు రాసుకున్నడు గాని, పక్క గడిల 'ఎవరి ఇంటికి' అని ఉన్నది, అందుల ఏం రాయాలని అడుగుతున్నడు. జర ఆగుమన్న. నువ్వు కార్యదర్శివి గద, రాతమూలకంగ చెప్పు.