సూది మధ్యకొచ్చాక

మామయ్యగారికి మీ అల్లుడు రాస్తున్నది.

కారు ఇస్తూ మీరు చెప్పినట్టే, ఇంజిన్ వేడెక్కి టెంపరేచర్ మీటరు సూది మధ్యకొచ్చేదాకా రోజూ మెల్లగానే నడుపుతున్నాను. మీరు బాగుచేసిన బండి, దానికి ఏ లోటూ లేదు.

ఆసుపత్రి మంచం మీంచి మీ అమ్మాయి "ఇంత ఆలస్యమేంటి?" అంటుంది. "ఇంజిన్ వేడెక్కాలిగా, మీ నాన్నగారి ఆర్డరు" అంటాను. నవ్వుతుంది.

నిజానికి మా వీధి చివరి పాలబూత్ దగ్గరికే సూది మధ్యకొచ్చేస్తోంది. ఆ తర్వాత కూడా నా కాలు యాక్సిలరేటర్ నొక్కడం లేదు. నిన్న ఒక సైకిల్ నన్ను దాటిపోయింది.

ఇక మందులు పనిచేయవని డాక్టరు సోమవారమే నాతో చెప్పారు. తనకింకా చెప్పలేదు. మీకు ఫోన్ చేసి, మీరు ఎత్తేలోపే పెట్టేశాను, అందుకే ఈ ఉత్తరం.

వెంటనే బయల్దేరండి మామయ్యా. ఆసుపత్రికి కారు మీరు నడపండి. నేను పక్కన కూర్చుంటాను.